వెచ్చగది మావ

మొన్న రంగూన్ ఆస్పత్రిలో మా వార్డుకి ఏటి అవతలి తన్లిన్ నుంచి ఒకావిడ వచ్చింది. కాలిమీద పుండు. కట్టు మారుస్తున్నంతసేపూ నొప్పి మరిచిపోవడానికని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. వాళ్ళ కూలి లైన్లలో ఒక ముసలాయన పదిరోజుల కిందట పోయాడట. నూనె మరల దగ్గర బాయిలరులో బొగ్గు వేసే మనిషి.

"ఓలమ్మా, ఆ ముసిలోడికి లోకమ్మీద నమ్మకం నేదు తల్లీ. మంచినీలిచ్చినా మూడుపాల్లు వాసన సూసి మరీ తాగీవోడు. పోయిన రోజున నాను గంజి అట్టుకెల్లినాను. ముందు నువ్వో గుక్క తాగు, నాను సూస్తానన్నాడు. తాగినాను. అప్పుడు తాగినాడు. ఆ సాయంత్రమే పోనాడు" అంది.

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఒకే సంగతి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవాడా?" అన్నాను.

"అవునమ్మా. ఎరుగుదువేటి?"

ఎరగనన్నాను. ఎవరో అలాంటి మనిషి ఉండేవాడని విన్నానన్నాను. కట్టు కాస్త గట్టిగా బిగించాను కాబోలు, ఆవిడ మూలిగింది. క్షమించమని చెప్పి వదులు చేశాను. డ్యూటీ దిగి గదికి వచ్చాక కూడా నాకు అన్నం సయించలేదు.

ఎరుగుదును. ఆయన్ని నేను ఒక్క మూడు వారాలే ఎరుగుదును గాని, ఇరవై ఏళ్ళు కాపరం చేసిన మొగుణ్ణి కూడా ఏ ఆడదీ అంత నిఘాగా చూసి ఉండదు. ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకి నచ్చదు. తన పేరు కాగితమ్మీద కనిపిస్తే పామును చూసినట్టు పక్కకి తప్పుకునే మనిషి. మేమంతా మావ అనేవాళ్ళం, అదే చాలు.

ఇది ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను ఊరి చివర సరస్సు వైపు ఉండే ఒక కలప దొరగారింట్లో పిల్లల ఆయాను. మా ఆయన పోయి రెండేళ్ళయింది. పబేడాన్ పేటలో మిఠాయి దుకాణాల వెనక సందులో మా పిన్ని ఇంట్లో ఒక మూల నాది. మిషన్ బడిలో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను గనక నాకు కాస్త పొగరు కూడా ఉండేది. దాచుకోవడమెందుకు.

రంగూన్‌లో ఇంటిని వెచ్చబెట్టడమేమిటని దేశంలో మావాళ్ళకి రాస్తే నవ్వారు. చెమటకి రవికె ఒంటికి అతుక్కుపోయే ఊరు ఇది. కాని ఇక్కడ ఒక్క వానాకాలం గడిపినవాళ్ళెవరూ నవ్వరు. మే నెలలో పట్టుకున్న వాన అక్టోబరు దాకా వదలదు. చెప్పులకి పచ్చ బూజు, పుస్తకాలకి తెల్ల బూజు, పట్టుచీరకి నల్ల చుక్కలు. పెట్టెలో పెట్టిన తోలు సంచీ నెల తిరిగేసరికి బొచ్చు మొలిచి పిల్లిలా తయారవుతుంది. అందుకని దొరలు మేడ నడిమధ్య కిటికీ లేని గది ఒకటి కట్టించుకునేవారు. అందులో ఇసక పోసిన తొట్లలో మూడు కుంపట్లు. వాటికి ఇనప వల మూతలు, పైన చెక్కపట్టీల అరలు. అరలమీద పుస్తకాలు, బూట్లు, ఉన్నిబట్టలు, గుర్రపు జీను, దొరసానికి వాళ్ళమ్మ ఇచ్చిన ఫిడేలు. దాన్ని మేం వెచ్చగది అనేవాళ్ళం. ఆ గదిలో అగ్గి ఆరకూడదు, పెరగకూడదు. ఇల్లంతా టేకు చెక్క మరి.

మామూలు రోజుల్లో ఆ సంగతి దొరసానే చూసుకునేది. ఆ ఏడు దసరా సెలవులకి అందరూ మూడు వారాలు మేమ్యో కొండమీదికి బయల్దేరారు. పిల్లల్ని చూడ్డానికి కరెన్ జాతి ఆయాని తీసుకెళ్ళారు, నన్ను వదిలేశారు. నాకు ఒళ్ళు మండింది. అది దొరసాని కనిపెట్టి నన్ను మేడమీదికి పిలిచి ఒక మాట ఇచ్చింది. నాకు ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకోవాలని ఉందని ఆవిడకి తెలుసు. అక్కడ చేర్చుకోవాలంటే పెద్ద ఇంటి నుంచి మంచి మనిషి అని చీటీ ఒకటి ఉండాలి. "నేను తిరిగొచ్చేసరికి ఈ గది ఇలాగే ఉంటే ఆ చీటీ రాసిస్తాను. ఏ ఒక్కటి పాడైనా రాయను" అంది.

చీటీ అంటే ఏమిటో దాని అవసరం పడనివాళ్ళకి ఏం తెలుస్తుంది. ఆ కాగితం ముక్క లేకపోతే నేను జన్మంతా పరాయి పిల్లల ముక్కులు తుడుస్తూ, మా పిన్ని ఇంటి మూలలో చాప చుట్టుకుంటూ ఉండాలి. ఉంటే తెల్లబట్టలు కట్టుకుని, నాకంటూ ఒక గది, ఒక తాళంచెవి. నాకు ఆ మూడు వారాలూ ఆ చీటీ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

గది గోడకి ఒక థర్మామీటరు వేలాడదీసి, వేడి ఎక్కడ నిలవాలో అక్కడ ఎర్రదారం కట్టింది దొరసాని. పొద్దుటా సాయంత్రమూ చూసి పుస్తకంలో రాయడం నా పని. కుంపట్లు చూడ్డానికి ఒక మనిషిని కుదిర్చారు. అంతకుముందు ఏదో వడ్లమిల్లులో ఆవిరి యంత్రం దగ్గర పనిచేసినవాడట.

వచ్చిన రోజునే నాకు ఆయన నచ్చలేదు. యాభై దాటిన మనిషి, కంచుగుంజలా ఉన్నాడు. మెట్లు ఎక్కమంటే ఎక్కడు, నన్ను ముందు ఎక్కమంటాడు. ఎవరినీ తన వీపు వెనక ఉంచుకోడు. పెట్టెకి తాడు ఏడు ముళ్ళు వేసుకున్నాడు, దింపగానే ఆ ముళ్ళు తడిమి చూసుకున్నాడు. ఏ వూరు మావా నీదీ అంటే, "నీదే వూరు?" అన్నాడు. నేను చెప్పాను. చెప్పాక తనది చెప్పలేదు.

దొరసాని ఆయనకి థర్మామీటరు చూపించి, నేను కొండమీద ఉన్నా ఇది నాకు అన్నీ చెబుతుంది సుమా అంది. నా పుస్తకం సంగతి ఆవిడ ఉద్దేశం. తెలుగులోకి మార్చి చెప్పాల్సింది నేను. ఈ ముసలాడికి కాస్త భయం ఉండటం మంచిదని మనసులో అనుకుని, "ఇదిగో మావా, దొరసాని మేమ్యోలో ఉన్నా ఈ గాజుపుల్లలోంచి ఇక్కడ జరిగేదంతా ఆవిడకి కనిపిస్తాదంట" అన్నాను.

ఆయన ఆ గాజుపుల్ల వంక చాలాసేపు చూశాడు. "అయితే పొగలూ రేత్రీ మనల్నొగ్గదన్నమాట" అన్నాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "అమ్మా సదువులమ్మా, పొద్దున ఆ గాజుపుల్ల గురించి ఏటన్నావు?" అని అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. రెండు జవాబులూ కలిశాయి. నమ్మాడు. ఆ మనిషి జన్మలో వెంటనే నమ్మింది బహుశా నా అబద్ధం ఒక్కటే.

పని మాత్రం తెలుసు. అది నేను కాదనను. ట్వంటే ఊరి నుంచి కుండలూ బొగ్గులూ పడవలో వేసుకుని ఒక బర్మా ఆమె వచ్చేది. దొరసాని కొన్న ఇనప కుంపట్లు పక్కన పెట్టించి, ఆమె దగ్గర మట్టి కుంపట్లు మూడు తీసుకున్నాడు. ఇనుము తొందరపడతాది, మట్టి నిదానం అన్నాడు. బొగ్గు ఒక్కొక్క ముక్క తీసి ఇంకో ముక్కతో తట్టేవాడు. టంగుమంటే బుట్టలోకి. మొద్దుగా పలికితే పక్కకి. ఆమె నవ్వుతూ బర్మాలో ఏదో అనేది. "ఏటంతంది?" అని నన్నడిగేవాడు. ఇంత అనుమానమైతే పెళ్ళెలా చేసుకున్నావని అడుగుతోంది మావా అంటే, "సేసుకోనేదని సెప్పు" అనేవాడు.

వేడి చూడ్డానికి ఆయన గాజుపుల్ల వంక చూసేవాడు కాదు. గది బయట నిలబడి చెక్కగోడకి చెంప ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఎడమ చెంప ఒకసారి, కుడి చెంప ఒకసారి. రెండూ ఒకేమాట చెప్పాలి. అప్పుడు లోపలికి వెళ్ళి కుంపటిమీద బుగ్గి కాస్త కప్పడమో తొలగించడమో చేసేవాడు. నాకు అది నాటకంలా అనిపించేది.

నేను వండింది తినేవాడు కాదు. పెరట్లో తన గంజి తనే కాచుకునేవాడు. గది గుమ్మం ముందు జల్లెడ పట్టిన బుగ్గి పలచగా చల్లి, తన పరోక్షంలో ఎవరి అడుగు పడిందో వచ్చి చూసుకునేవాడు. నేను చీర ఎత్తిపట్టి గుమ్మం దాటేదాన్ని. నేను మాత్రం తక్కువ తిన్నానా. బొగ్గుల బస్తా అంచున సుద్దతో గీత పెట్టాను.

మొదటి వారం గడిచేసరికి నాకు సంగతి బోధపడింది, లేదా బోధపడిందనుకున్నాను. సాయంత్రం చూస్తే వేడి సరిగ్గా ఎర్రదారం దగ్గరే ఉంటోంది. పొద్దుట చూస్తే బాగా కిందికి దిగిపోతోంది. రోజూ అంతే. అంటే తెల్లారేలోగా కుంపట్లు చల్లారుతున్నాయి. బస్తాలో బొగ్గు మాత్రం నా సుద్దగీతకి కిందికి కిందికి పోతోంది. కుంపట్లో వేడి లేదు, బస్తాలో బొగ్గు లేదు. ఇంక చిన్నపిల్లకైనా తెలుస్తుంది, ముసలాడు బొగ్గు బయటికి దాటించేస్తున్నాడని.

"బొగ్గులు ఎలా అయిపోతున్నాయి మావా?" అని అడిగాను.

"నానూ అదే అడుగుదావనుకుంతన్నాను" అన్నాడు, నా కళ్ళలోకి చూస్తూ. సాయంత్రం వచ్చి తనే అడిగాడు. "బొగ్గులు ఎలాగయిపోతన్నాయమ్మా?"

దొంగకి అంత పొగరా అని ఒంటికాలిమీద లేచాను. కాని దొరకబుచ్చుకోకుండా అంటే ఏం లాభం. ఈలోగా గదికి బూజు పడితే నా చీటీ పోతుంది. అందుకని ఒక ఉపాయం చేశాను. పొద్దుట నేను వేడి చూసి పుస్తకంలో రాశాక ఆయన గంజి కాచుకోవడానికి పెరట్లోకి దిగేవాడు. ఆ కాస్తసేపట్లో నేను గదిలోకి దూరి ఒక్కో కుంపట్లో నాలుగేసి బొగ్గులు వేసి వచ్చేసేదాన్ని. సాయంత్రానికి వేడి ఎర్రదారానికి వచ్చేది. చూశావా, నా వల్లే ఈ గది నిలబడిందని నా వీపు నేనే తట్టుకున్నాను.

రెండో వారంలో ఒకరోజు వాన కురుస్తుంటే ఇద్దరం మెట్లమీద కూర్చున్నాం. ఆయన పై మెట్టు, నేను కింది మెట్టు. ఆయన ఉన్నట్టుండి అడిగాడు. "ఆ పుస్తకంలో రోజూ ఏటి రాస్తన్నావు?"

"వేడెంతుందో రాస్తన్నాను."

"నాగురించేటన్నా రాస్తన్నావా?"

"నీ గురించి రాయడానికేటుంది?"

ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు. "ఇసాపట్నంలో ఓడెక్కీటప్పుడు మేస్త్రీ కాయితమ్మీద ఏలిముద్రేయించుకున్నాడు. ఏటి రాసుంది బావూ అంతే, నీకు మంచిదే రాసుంది అన్నాడు. రంగం రేవులో దిగినాక ఇంకోడు సదివి సెప్పినాడు. పడవల్లో పనని నోటితో సెప్పినాడు, గనిలో పనని కాయితమ్మీద రాసినాడు. మూడేల్లు నేలకింద సేసినాను. నాతో వచ్చినోడు మా బావ. ఆడక్కడే ఉండిపోనాడు." బొటనవేలు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "అప్పట్నుంచి ఎవులేటి సెప్పినా, నమ్మీడానికి తొందరేటుంది అనుకుంతాను."

నాకు జాలి వేసింది, అబద్ధమెందుకు. ఆ మధ్యాహ్నమంతా నాకు ఆయన మీద జాలే ఉంది. సాయంత్రం బస్తా చూస్తే గీతకి జానెడు కింద ఉంది బొగ్గు. జాలి కథలు చెప్పి నన్ను మెత్తబరుస్తున్నాడన్నమాట అనుకున్నాను. మర్నాటి నుంచి నాలుగు బొగ్గులు ఆరు చేశాను.

బర్మావాళ్ళ దీపాల పండగ వెళ్ళింది. మూడో వారం కూడా గడిచింది. ఎల్లుండి పొద్దుటి మెయిలు రైల్లో దొరసానీ పిల్లలూ దిగుతారని తంతి వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున ఒకటే వాన. నేను వెళ్ళి చూస్తే పాదరసం ఎన్నడూ లేనంత కిందికి ఉంది. రేపు వచ్చి చూస్తే పుస్తకాలన్నీ చెమ్మ వాసన కొడతాయి, చీటీ లేదు గీటీ లేదు పొమ్మంటారు. ఆఖరి రోజు గదా, ఉన్న కాస్తా ఊడ్చేసి ఉంటాడు ముసలాడు.

ఆయన పెరట్లోకి దిగగానే బస్తా దులిపి మూడు కుంపట్లూ నిండా పోశాను. విసనకర్రతో విసిరాను. అక్కడితో ఊరుకోలేదు. నా ట్రంకుపెట్టె తాళం తెచ్చి ఆ గది తలుపుకి వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. ఇంక ఎలా తీస్తావో చూస్తాను అనుకున్నాను.

ఆయన వచ్చి తాళం చూశాడు. నన్ను చూశాడు. గోడకి చెంప ఆనించి, చటుక్కున తీసేశాడు.

"ఎక్కువయిపోతంది. తలుపు తియ్యి."

"తియ్యను."

"నీకు నామీద కోపముంతే తరవాత తిట్టు. ముందల తియ్యి. లోపల సెక్క సామాను ఉంది."

"నీ దొంగబుద్ధి నాకు తెలీదనుకుంటున్నావా మావా? రోజూ బొగ్గులు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలుసు."

ఆయన ముఖంలో కోపం కాదు, ఆశ్చర్యం కనిపించింది. అది కూడా నటనే అనుకున్నాను. ఆయన నా ఎదురుగా గొంతుక్కూర్చుని అరగంటకోసారి గోడ ముట్టుకుని, తియ్యి అనేవాడు. బతిమాలలేదు. అరవలేదు. పదకొండు గంటలు కొట్టాక లోపల్నుంచి ఠప్పుమని వెదురు చీలినట్టు చప్పుడయింది. అప్పుడు తీశాను. తాళంచెవి ఒకసారి కింద పడింది.

వేడి ముఖంమీద కొట్టింది. పాదరసం ఎర్రదారం దాటి ఎక్కడికో పోయింది. పుస్తకాలకి ఏం కాలేదు, బూట్లకి ఏం కాలేదు. పెట్టె తీసి చూస్తే ఫిడేలు మాత్రం పై చెక్క మీద నుంచి కింది దాకా నిలువునా చీలింది. ఆయన అప్పటికే పటకారుతో కణికలు ఎత్తి నీళ్ళ బాల్చీలో పడేస్తున్నాడు.

"పొద్దుట దారానికి అంత దిగువనుంది మావా. చల్లారిపోయిందనుకున్నాను. రోజూ పొద్దుట అలాగే ఉంటోంది" అన్నాను ఏడుస్తూ.

"ఎలాగుండదు? తడితువ్వాల కప్పుతాను కదా."

"ఎక్కడ?"

"ఆ గాజుపుల్లమీద. పొద్దున తానం సేసొచ్చి ఇక్కడే గోసీ మారుస్తాను. ఆడమనిసి కొండమీంచి సూస్తాదని నువ్వే సెప్పినావు కదేటి? నీ సెప్పుల సప్పుడు ఇనపడగానే తీసీస్తాను."

జ్వరానికి తడిగుడ్డ వేసినట్టు, ఆ తడికే పాదరసం దిగిపోతోందన్నమాట. ఆయనకి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. మెల్లగా అడిగాడు, "అయితే రోజూ పొద్దుట ఎవులో బొగ్గులేస్తన్నారు, నన్ను పన్లోంచి తగిలీడానికే ఏస్తన్నారు అనుకున్నాను. ఎక్కువయినవన్నీ తీసి బుగ్గిలో పూడ్సేసీవోన్ని. అది నువ్వేటి?"

నేనే. రెండు వారాలుగా నేను వేస్తున్నాను, ఆయన తీస్తున్నాడు. అంతకుముందు తరిగిన బొగ్గు కుంపట్లోనే కాలింది. దొంగ ఎవరూ లేరు. తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు. పటకారు గోడకి ఆనించి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అప్పుడైనా నేను మనిషినై ఉండాల్సింది. కాలేదు. మధ్యాహ్నం మెట్లకింద కూర్చుని, పుస్తకంలో కొత్త పేజీ తీసి, నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడబలుక్కుని రాశాను. ఈ మనిషి రోజూ బొగ్గులు దొంగిలించాడని, నేను ఎన్నోసార్లు హెచ్చరించానని, దొంగతనం బయటపడుతుందని ఆఖరి రోజు కుంపట్లు నిండా పోసి ఫిడేలు పగలగొట్టాడని. పేజీ పైనుంచి కింద దాకా నిండింది. నిజం తెలిశాకే రాశాను. తెలియక రాసింది కాదు. తల ఎత్తేసరికి పెరటి గుమ్మంలో ఆయన నిలబడి నా చేతివంక చూస్తున్నాడు. ఏమీ అడగలేదు. సాయంత్రం కూడా అడగలేదు.

మర్నాడు పొద్దుట దొరసాని టోపీ తీయకుండానే తిన్నగా మేడమీదికి వచ్చింది. ఫిడేలు పెట్టె తెరిచింది. చీలిక పొడుగునా వేలితో తడిమింది. అది వాళ్ళమ్మది కదా, ఆవిడ పెదవులు వణకడం చూశాను. "ఎవరు చేశారు?" అంది చివరికి.

నా పుస్తకం పట్టుకున్న చెయ్యి ముందుకి వెళ్ళింది. వెళ్ళిందనే చెప్పాలి, నేను పంపానని ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ చెయ్యి ఇంకా దారిలో ఉండగానే ఆయన తనకొచ్చిన నాలుగు హిందూస్తానీ ముక్కల్లో నేనే చేశానమ్మా అన్నాడు. బొగ్గులు ఎక్కువ వేసి నిద్రపోయానన్నాడు. దొరసాని ఎంతో సేపు తిట్టింది. ఆ పూటే పొమ్మంది. నా పుస్తకం అడగనే లేదు. మధ్యాహ్నం నన్ను పిలిచి, పాపం నువ్వేం చేస్తావులే అని బల్లమీద చీటీ రాసి ఇచ్చింది. జాగ్రత్తగల మనిషి, పూర్తిగా నమ్మదగినది అని అందులో ఉంది. ఈ ఆస్పత్రి వాళ్ళ దగ్గర ఇప్పటికీ ఆ కాగితం ఉంది.

గేటు దగ్గర ఆయన్ని కలుసుకున్నాను. పెట్టెకి ముళ్ళు వేసుకుంటున్నాడు. ఇంత గొప్ప మనసున్నవాణ్ణి దొంగ అన్నాను కదా అని కాళ్ళమీద పడదామనే వచ్చాను.

"ఎందుకలా చెప్పావు మావా? నాకోసమా?"

ఆయన నావంక వింతగా చూశాడు. "నీకోసమేటి? నువ్వెలాగూ సెప్తావు. నువ్వు సెప్పినాక నాను సెప్పినా ఎవులూ ఇనరు. అందుకే ముందల నాను సెప్పీసినాను. నిద్దరోయినోన్ని పొమ్మంతారు. దొంగయితే పోలీసు ఠానాకి పంపిస్తారు."

నా చేతిలో పుస్తకం అలాగే ఉంది. దాచుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది. ఆయన వేలు పెట్టి చూపించాడు.

"నిన్న రాసినావు సూడు. అది తీసి సదువు."

"అదేం లేదు మావా."

"సదువు."

తీశాను. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. గొంతు సవరించుకుని, నేను కూడగట్టుకోగలిగిన ధైర్యమంతా కూడగట్టుకుని, "ఈ మనిషి మంచి పనివాడు, అని రాశాను" అన్నాను.

ఆయన కళ్ళు ఆ పేజీ పైనుంచి మొదలై, ఒక్కో వరసమీదా ఆగి, కింది అంచు దాకా వచ్చాయి. పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"అంత చిన్న మాటకి ఇంత రాతేటమ్మా?" అన్నాడు.

జవాబు కోసం ఆగలేదు. ట్రాము రోడ్డు వైపు వెళ్ళిపోయాడు, మొదటిసారి నాకు వీపు చూపించి.